దిగుమతుల వలన పని పోయినవారికి ప్రభుత్వ సహాయము



ఈ నెల పాఠములో కార్మికుల సంగతి తీసుకొనుచున్నాము. మన సంఘములలో అనేక కుటుంబములు మిల్లు పగారు మీద పెరిగినవే. తాతలు కరీంనగరము, నల్గొండ, పాలమూరు వైపునుండి బొంబాయికి, షోలాపూరుకు, భివండికి సాంచల పని వెదకుకొనుచు వచ్చినవారే. మిల్లు మూతపడుట అనగా ఏమిటో మనకు ఎవరును నేర్పనక్కరలేదు.

అయితే ఒక తేడా గమనించండి. యజమాని అప్పులపాలై మిల్లు మూసివేయుట ఒక సంగతి. ప్రభుత్వమే పరదేశముతో ఒడంబడిక చేసికొని, సుంకము తగ్గించి, ఆ దేశపు సరుకును లోనికి రానిచ్చినందున మిల్లు మూతపడుట మరియొక సంగతి. ఈ రెండవ దానిలో తలుపు తీసినవారికి బాధ్యత లేదా? అమెరికా దేశము 1962లోనే ఈ ప్రశ్నకు చట్టరూపములో జవాబు చెప్పినది. వాణిజ్య సర్దుబాటు సహాయము అని ఆ పథకమునకు పేరు. అది అరువది ఏండ్లు నడిచి 2022లో ఆగినది. ఎవరికి అందినది, ఎవరికి అందలేదు, ఎందుకు అందలేదు అన్నది మనకు పనికివచ్చు పాఠము.

చట్టము పుట్టిన విధము

ఈ ఆలోచనను ముందుకు తెచ్చినది ఒక కార్మిక నాయకుడు. ఉక్కు కార్మికుల సంఘమునకు అధ్యక్షుడైన డేవిడ్ మెక్‌డొనాల్డ్, విదేశీ వ్యాపారమును పరిశీలించుటకు వేసిన రాండల్ కమిషనులో సభ్యుడుగా ఉండెను. 1954లో ఆయన చెప్పిన మాట సారాంశము ఇది: సుంకములు తగ్గుట వలన దేశమంతటికి మేలు కలుగునని మీరనుచున్నారు, మంచిది, ఆ మేలు కొరకు పని పోగొట్టుకొను కొద్దిమందిని దేశమే ఆదుకొనవలెను. కమిషను ఆ మాటను అంగీకరించలేదు. ఎనిమిదేండ్లు గడిచిన తరువాత అధ్యక్షుడు కెనడీ దానిని చేపట్టగా, 1962 అక్టోబరులో వచ్చిన వాణిజ్య విస్తరణ చట్టములో అది చేరినది. పని పోయినవానికి అంతకుముందు వచ్చిన జీతములో 65 శాతము వరకు భృతి, కొత్త పనికి శిక్షణ, వేరే ఊరికి తరలుటకు ఖర్చు. కాగితము మీద ఇంతకంటె ఏమి కావలెను?

కాని 1969 నవంబరు వరకు, అనగా ఏడేండ్లపాటు, ఒక్క కార్మిక బృందము అర్జీ కూడ మంజూరు కాలేదు.

కారణము షరతులలో ఉన్నది. కార్మికులు రెండు ముడులు విప్పి చూపవలసి యుండెను. ఒకటి, దిగుమతులు పెరుగుటకు ప్రభుత్వము సుంకము తగ్గించుటయే ప్రధాన కారణమని. రెండు, ఆ దిగుమతులే తమ పని పోవుటకు ప్రధాన కారణమని. మిల్లు పడిపోవుటకు ఎప్పుడైనను ఒక్క కారణము ఉండునా? పాత యంత్రములు, బ్యాంకు అప్పు, కొనువారి ఇష్టము మారుట, యజమాని మూర్ఖత్వము, వీటన్నిటితోబాటు పరదేశపు సరుకు. ఇందులో ఫలానిదే ప్రధానమని ఎవరు తేల్చగలరు? సహాయము ఇచ్చెదమని చట్టము చెప్పినది. షరతు మాత్రము ఎవరును దాటలేని గోడ.

1974లో చట్టమును సవరించి ఆ గోడను తగ్గించినారు. సుంకపు తగ్గింపుతో సంబంధము చూపనక్కరలేదు. దిగుమతులు ముఖ్యముగా దోహదము చేసినవని చూపిన చాలును. మిగతా కారణములకంటె పెద్దదై యుండవలెనన్న నియమము పోయినది. విచారణ కార్మిక శాఖ చేతికి వచ్చినది, భృతి 70 శాతమునకు పెరిగినది. ఫలితము వెంటనే కనబడినది. జపాను కార్లు వెల్లువగా వచ్చి మోటారు కర్మాగారములు దెబ్బతిన్న 1980లో ఐదు లక్షలకు పైగా కార్మికులు ఈ సహాయము పొందినారు; ఆ యేడు ఖర్చు సుమారు 160 కోట్ల డాలర్లు.

అంత ఖర్చు చూచి ప్రభుత్వము వెనుకకు తగ్గినది. 1981లో రీగన్ కాలములో భృతిని మామూలు నిరుద్యోగ భృతి స్థాయికి దించినారు. 1988లో మరియొక మార్పు: శిక్షణలో చేరితేనే భృతి, లేదా శిక్షణ అక్కరలేదని ఆఫీసునుండి మినహాయింపు పొందవలెను. అటుపిమ్మట ఈ పథకము నష్టపరిహారముగా కాక బడికి పంపు పథకముగా మారినదని చెప్పవచ్చును.

అర్జీ నుండి భృతి వరకు

ఇక్కడ కొంచెము నిదానించి చదవండి, ఎందుకనగా మనుష్యులు తప్పిపోయినది ఈ దారిలోనే.

మొదట ఒకే కర్మాగారములో పని పోయిన ముగ్గురు కలిసి అర్జీ పెట్టవలెను. వారి తరఫున కార్మిక సంఘమైనను, యాజమాన్యమైనను, ఉపాధి కార్యాలయమైనను పెట్టవచ్చును. పని పోయిన యేడాది లోపల పెట్టవలెను. అర్జీ అందిన తరువాత కార్మిక శాఖ కంపెనీకి ప్రశ్నల పత్రము పంపును: అమ్మకములు ఎంత తగ్గినవి? పనిని పరదేశమునకు తరలించినారా? కంపెనీ సరుకు కొను వ్యాపారులకు కూడ ప్రశ్నలు పంపును: మీరు ఈ సరుకు మానివేసి దిగుమతి సరుకు కొనుచున్నారా? జవాబులు చూచి, 2002 చట్టము తరువాత 40 దినములలోపల, తీర్పు చెప్పవలెను. కాదన్న యెడల న్యూయార్కులోనున్న అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానమునకు పోవచ్చును.

అవునన్న యెడల ఆ బృందమంతటికి ధ్రువీకరణ వచ్చును. అర్జీకి ముందు ఒక యేడాది నుండి ధ్రువీకరణ తరువాత రెండేండ్ల వరకు అక్కడ పని పోయినవారందరు దాని క్రిందికి వచ్చుదురు. అయితే దానితో ఎవరి చేతికిని డబ్బు రాదు. ప్రతి మనిషి మరల తన రాష్ట్రపు కార్యాలయములో తన పేరున దరఖాస్తు పెట్టుకొనవలెను. మొదట మామూలు నిరుద్యోగ భృతి అయిపోవలెను. ఆ తరువాతనే ఈ భృతి. 2015 చట్టము ప్రకారము రెండును కలిపి 130 వారముల వరకు రావచ్చును, కాని శిక్షణలో చేరినవానికే. చేరుటకు గడువు 26 వారములు. అంతకుముందు 2002 చట్టములో గడువు మరీ తక్కువ: ధ్రువీకరణ తరువాత 8 వారములు, లేదా పని పోయిన తరువాత 16 వారములు, ఏది ఆలస్యమైతే అది. ముప్పై యేండ్లు ఒకే యంత్రము దగ్గర నిలువబడిన మనిషి ఎనిమిది వారములలో తన మిగిలిన బ్రదుకునకు ఏ విద్య నేర్వవలెనో తేల్చుకొనవలెనట! నా మట్టుకు ఇది ఆఫీసులో కూర్చుండి వ్రాసిన గడువు.

2002లో రెండు మంచి సంగతులు కూడ చేరినవి. ఆరోగ్య బీమా ప్రీమియములో 65 శాతము ప్రభుత్వము భరించునన్నది ఒకటి. కాని మిగిలిన 35 శాతము పని లేనివాడు ఎక్కడనుండి తెచ్చును? చాలమంది వాడుకొనలేదు. రెండవది 50 యేండ్లు దాటినవారికి జీతపు తేడా భృతి. పెద్ద వయసువాడు బడికి పోనక్కరలేకుండ తక్కువ జీతమునకైనను వెంటనే పనిలో చేరినయెడల, పాత జీతమునకు కొత్త జీతమునకు నడిమి తేడాలో సగము, రెండేండ్లలో 10,000 డాలర్లకు మించకుండ, ప్రభుత్వము ఇచ్చును. ఈ పథకములో మనుష్యుని స్వభావము తెలిసినవారు వ్రాసిన భాగము ఇదియేనని నాకు తోచుచున్నది.

ఒక తువాలు ఊరి కథ

నార్త్ కరోలినా రాష్ట్రములో కన్నాపొలిస్ అను ఊరున్నది. జేమ్స్ విలియం కానన్ 1887లో ప్రారంభించిన మిల్లు కంపెనీయే ఆ ఊరిని కట్టినది. దుప్పట్లు, టర్కీ తువాళ్లు అక్కడి సరుకు. ఇండ్లు కంపెనీవి, వీధులు కంపెనీవి. 1984 వరకు ఆ ఊరికి స్వంత మునిసిపాలిటీయే లేదు. తాత, తండ్రి, కొడుకు ఒకే గేటులోనుండి లోనికి పోయినారు. షోలాపూరు సహోదరులకు ఈ మాటలు ఎక్కడనో విన్నట్లే ఉండును. అక్కడి టర్కీ తువాళ్లను, చద్దర్లను నేసినవారిలో మన తెలుగు పద్మశాలి కుటుంబములు ఎన్నో కదా.

తరువాత మిల్లు చేతులు మారినది. 1997లో పిల్లోటెక్స్ అను కంపెనీ దానిని కొన్నది. అప్పులు పెరిగినవి. బట్టల దిగుమతులపై దేశమునకు ఇంతయని కోటా పెట్టిన పాత ఒప్పందము దఫాలుగా సడలుచు 2005 జనవరి 1న పూర్తిగా పోవలసి యుండెను. చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినది. చైనా, పాకిస్తాను, మన దేశము నుండి తువాళ్లు తక్కువ ధరకు అమెరికా దుకాణములకు చేరినవి. 2003 జూలై 30న పిల్లోటెక్స్ తన 16 మిల్లులను మూసివేసినది. ఒక్క దినమున సుమారు 6,450 మందికి పని పోయినది; అందులో నాలుగు వేలకు పైగా నార్త్ కరోలినావారే. ఆ రాష్ట్ర చరిత్రలో అప్పటివరకు ఒక్కసారిగా అంతమంది పని పోగొట్టుకొనలేదు.

వారికి ధ్రువీకరణ వచ్చినది. ఇక్కడ అర్జీ విషయములో చిక్కు లేదు. చిక్కు ఆ తరువాత. చాలమంది హైస్కూలు పూర్తిచేయనివారు. పదునారేండ్లకే మిల్లులో చేరినవానికి చదువు అక్కరలేకపోయెను, పని ఖాయముగా ఉండెను గనుక. ఇప్పుడు నర్సింగు సహాయకురాలి పని నేర్వవలెనన్నను, గదులను చల్లబరచు యంత్రముల పని నేర్వవలెనన్నను మొదట హైస్కూలుకు సమానమైన పరీక్ష ప్యాసు కావలెను. రోవన్-కబారస్ కమ్యూనిటీ కళాశాలకు నడివయసు స్త్రీ పురుషులు పెద్ద సంఖ్యలో వచ్చి చేరినారు. కొందరు మొదటిసారి కంప్యూటరు ముందు కూర్చున్నారు. నలుబది యైదేండ్లకు భిన్నములు, దశాంశములు మరల మొదలుపెట్టుట ఎట్టిదో ఊహించండి. పూర్తిచేసినవారిలో కొందరు మునుపటికంటె మంచి పనిలో స్థిరపడినారు. కాని భృతికి గడువున్నది, చదువుకు గడువుండదు. అక్షరములనుండి మొదలుపెట్టినవానికి డిప్లొమా రాకమునుపే వారములు అయిపోవును.

మిల్లు కట్టడములను 2005, 2006లలో పడగొట్టినారు. ఆ స్థలములో ఒక పరిశోధన కేంద్రము లేచినది. అక్కడ కావలసినది శాస్త్రవేత్తలు, నేతపనివారు కారు.

గేటు లోపల, గేటు వెలుపల

ఈ పథకములో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన సంగతి ఇది. ఒకే వీధిలో ముగ్గురు పొరుగువారు ఒకే వారములో పని పోగొట్టుకొన్నారనుకొనండి. ఒకడు దిగుమతుల వలన, ఒకడు కొత్త యంత్రము వచ్చినందున, ఒకడు మిల్లు గేటు ఎదుట నడిపిన ఫలహారపు దుకాణములో గిరాకి లేనందున. ముగ్గురి ఇంటిలోను పొయ్యి ఒకే రీతిగా ఆరినది. సహాయము మొదటివానికే. 2002లో మిల్లునకు విడిభాగములు సరఫరా చేయు కంపెనీల కార్మికులను కూడ చేర్చినారు గాని ఫలహారపు దుకాణము వరకు ఏ చట్టమును పోలేదు.

కంప్యూటరు పనివారి సంగతి వినండి, ఇది మనవారికి తగులును. 2000 తరువాత అమెరికాలో సాఫ్ట్‌వేర్ వ్రాయు పనులు పరదేశములకు తరలినవి. కొంత బెంగుళూరుకు, కొంత హైదరాబాదుకు. పని పోయిన అమెరికా ప్రోగ్రామర్లు అర్జీ పెట్టగా కార్మిక శాఖ కాదన్నది. చట్టములో వస్తువు అని ఉన్నది, సాఫ్ట్‌వేర్ చేతితో పట్టుకొను వస్తువు కాదు అని వాదము. వారు వాణిజ్య న్యాయస్థానమునకు పోయి పోరాడిన మీదట 2006లో శాఖ తన మాట మార్చుకొన్నది. 2009లో చట్టమే సేవారంగపు కార్మికులను చేర్చినది. మన బిడ్డలకు వచ్చిన ఉద్యోగము మరియొకని ఇంటిలో పోయిన ఉద్యోగమై యుండవచ్చునని మనము అరుదుగా తలంచుదుము.

సహాయము వలన లాభము కలిగినదా అని పరిశోధకులు లెక్కలు వేసినారు. 2012లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో, పథకములో చేరినవారు నాలుగేండ్ల తరువాత కూడ చేరనివారికంటె తక్కువ సంపాదించుచున్నారని తేలినది. శిక్షణ కాలమంతయు సంపాదన లేకుండుట ఇందుకు ఒక కారణము. దీనిని పట్టుకొని పథకము వ్యర్థమని అనేకులన్నారు. అయితే బెంజమిన్ హైమన్ అను ఆర్థికవేత్త 2018లో పదేండ్ల లెక్క చూచినాడు. ఉదారముగా మంజూరు చేయు విచారణాధికారికి దైవికముగా చిక్కినవారిని, కఠినుడైన అధికారికి చిక్కినవారిని పోల్చినాడు. సహాయము పొందినవారు పదేండ్లలో మొత్తముమీద సుమారు 50,000 డాలర్లు ఎక్కువ సంపాదించినారని ఆయన కనుగొన్నాడు. ఏండ్లు గడచుకొలది ఆ లాభము తగ్గుచు వచ్చినది. నాలుగేండ్లకు లెక్క కట్టిన నష్టము, పదేండ్లకు కట్టిన లాభము. ఏ మేస్త్రీ అయినను పని నేర్చుకొను కుర్రవానిని గూర్చి ఈ మాటే చెప్పును.

అంతకంటె ముఖ్యమైన సంగతి ఆటర్, డోర్న్, హాన్సన్ అను ముగ్గురు ఆర్థికవేత్తల 2013 పరిశోధనలో ఉన్నది. చైనా సరుకు ఎక్కువగా దెబ్బతీసిన ప్రాంతములలో ప్రభుత్వ సహాయము పెరిగినది నిజమే. కాని ఆ పెరుగుదలలో వాణిజ్య సర్దుబాటు సహాయపు పాలు అత్యల్పము. అంగవైకల్య పింఛను, వైద్య సహాయము, ముందుగా తీసికొను వృద్ధాప్య పింఛను వీటిలోనే పెరుగుదల. అనగా దిగుమతుల బాధితుల కొరకే కట్టిన తలుపు ఇరుకుగా ఉండినందున, జనులు దొరికిన వేరే తలుపులలో దూరినారు. నడుము నొప్పితో ఇరువది యేండ్లు పని చేసిన మనిషి, పని పోయిన తరువాత ఆ నొప్పినే చూపి పింఛను అడిగినాడు. అతనిని నిందించుటకు నాకు మనస్సు రాదు.

పథకము ఆగిపోయిన విధము

ఈ సహాయము ఎప్పుడును తన కాళ్లమీద నిలువలేదు. కొత్త వాణిజ్య ఒప్పందములు చేయుటకు అధ్యక్షునికి అధికారమిచ్చు బిల్లుతోబాటు, ఓట్లు కూడగట్టుటకు ఇది కూడ ఆమోదము పొందుచు వచ్చినది; 2002లో అట్లే, 2015లో అట్లే. కార్మిక సంఘములవారు దీనిని సమాధి ఖర్చుల బీమా అని ఎగతాళి చేసినారు. తరువాత ఒప్పందముల మీదనే రెండు పార్టీలకు మోజు తగ్గినది. ఒప్పందమే వద్దనుకొన్నప్పుడు దానితోబాటు ఇచ్చు సహాయమును ఎవరు అడుగుదురు? 2022 జూలై 1 నుండి కొత్త ధ్రువీకరణలు ఇచ్చు అధికారము కార్మిక శాఖకు లేకపోయినది. అంతకుముందే ధ్రువీకరణ పొందినవారికి రావలసినది మాత్రము నడిచినది. ఆ తేదీ తరువాత మిల్లు మూతపడినవాని అర్జీని విచారించువారే లేరు.

మన దేశపు సంగతి

మన దేశములో దిగుమతుల కొరకని ప్రత్యేకమైన పథకము ఈ రీతిగా ఏర్పడలేదు. 1986 సెప్టెంబరులో బట్టల మిల్లు కార్మికుల పునరావాస నిధి వచ్చినది. శాశ్వతముగా మూతపడిన ప్రైవేటు మిల్లుల కార్మికులకు మొదటి యేడు జీతములో 75 శాతము, రెండవ యేడు 50, మూడవ యేడు 25 శాతము ఇచ్చునట్లు ఏర్పాటు. 2017లో దానిని ఈ.ఎస్.ఐ. వారి రాజీవ్ గాంధీ శ్రామిక కల్యాణ యోజనలో కలిపినారు. 1992లో వచ్చిన జాతీయ పునరుద్ధరణ నిధి కార్మికులకు కొత్త పని నేర్పుటకు అన్నారు గాని అందులో అధికభాగము స్వచ్ఛంద విరమణకే ఖర్చయినది. 2020లో పార్లమెంటు ఆమోదించి 2025 నవంబరులో అమలునకు తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో, తొలగించిన కార్మికునికి మామూలు పరిహారము గాక, కొత్త పని నేర్చుకొనుటకని యజమాని 15 దినముల జీతము నిధికి కట్టవలెనని ఉన్నది. 45 దినములలో అది కార్మికుని ఖాతాలో పడవలెను. పదిహేను దినముల జీతముతో ఏ విద్య నేర్వవచ్చునో మీరే ఆలోచించండి.

ఈ పథకములు మిల్లు ఎందుకు మూతపడినదని అడుగవు. అది మంచిదే. కాని మీ పేరు హాజరు పుస్తకములో ఉన్నదా అని అడుగును. మా పెదనాన్న ఒక మిల్లులో సాంచల ఖాతాలో మొదట బదిలీగా, తరువాత పర్మనెంటుగా పని చేసినాడు. గుమాస్తా ఆయన పేరును పాసులో ఒక విధముగా, పగారు పుస్తకములో మరియొక విధముగా వ్రాసినాడు. మిల్లు మూతపడిన తరువాత ఆ ఇద్దరు మనుష్యులు ఒక్కడేనని రుజువు చేయుటకు ఆయన నాలుగేండ్లు తిరిగినాడు, చివరికి విడిచిపెట్టినాడు. ఆ పాసు ఇంకను మా ఇంటిలో పెట్టెలో ఉన్నది.

ఆయనకు పాసైనను ఉండెను. బొంబాయి మిల్లుల తరువాత పని భివండి, ఇచల్‌కరంజి వంటి చోట్ల పవర్‌లూము షెడ్లకు పోయినది. అక్కడ మీటరు లెక్కన కూలి. పుస్తకములో పేరు లేనివారు వేలకు వేలు. షెడ్డు మూసిన దినమున వారు ఏ చట్టమునకును కనబడరు.

వచ్చే కూటములో ఈ రెండు ప్రశ్నలు మాట్లాడుకొనండి. సహాయము పని పోయిన కారణమును బట్టి ఇవ్వవలెనా, పని పోయిన ప్రతివానికి ఇవ్వవలెనా? రెండవ విధమున ఇచ్చినయెడల ఎక్కువమందికి అందును గాని ఒక్కొక్కనికి వచ్చునది తక్కువ. ఇక మీ సంఘములో మిల్లు, షెడ్డు, కర్మాగారములలో పనిచేయువారిలో ఎందరికి నియామక పత్రము, ఈ.ఎస్.ఐ. నంబరు, పి.ఎఫ్. నంబరు ఉన్నవి, అన్నిటిలోను పేరు ఒకే విధముగా ఉన్నదా? చదువుకొన్న యౌవనులు పెద్దలవద్ద కూర్చుండి ఆ కాగితములు ఒక్కసారి చదివి చూడండి.